గడ్డితో చేప, ముగ్గు, తాబేలు: ఇంటిల్లిపాదీ కలిసి పెంచే పచ్చబొమ్మలు

మొదటిసారి గడ్డితో చేపబొమ్మ చేద్దామనుకున్నప్పుడు పళ్ళెం నిండా గోధుమలు చల్లేశాను. మొలిచాక కత్తెరతో చేప ఆకారంలో కత్తిరించుకోవచ్చు కదా అనుకున్నాను. ఎనిమిదో రోజుకి పళ్ళెం నిండా గడ్డి ఉంది, చేప మాత్రం లేదు. పొడవు గడ్డి మధ్యలో పొట్టి గడ్డి ఒక గుంటలా కనిపించింది తప్ప, తల ఎక్కడో తోక ఎక్కడో తెలియలేదు. "అమ్మా, చేప ఎప్పుడు వస్తుంది?" అని మా పాప రెండు రోజులు అడిగింది. అప్పుడు అర్థమైంది: ఆకారం గింజ పెట్టేటప్పుడే రావాలి. కత్తెర దాన్ని సరిదిద్దుతుంది, అంతే. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి బొమ్మకీ ఈ ఒక్క మాటే ఆధారం.

మేం ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తు. తూర్పు బాల్కనీ. పాప ఐదో తరగతి, బాబు యూకేజీ. మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. వరినారుకి ఆకుమడి పోయడం, నానిన విత్తనాన్ని మూటగట్టి మొలకెత్తించడం (మండె కట్టడం) చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. నిజానికి మా చేప రెండోసారి బాగా వచ్చిందంటే అది ఆవిడ చలవే.

గింజల్ని మొలకెత్తించి పచ్చగా చూసుకోవడం మనకి కొత్త కాదు. పెళ్ళిళ్ళలో అంకురార్పణకి పాలికల్లో నవధాన్యాలు చల్లుతాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ గింజల్ని ఒక గీత లోపల పేరుస్తాం.

ఏ గింజ ఎప్పుడు

మొదటి బొమ్మకి గోధుమలే తీసుకోండి. గింజ పెద్దది, పిల్లల వేళ్ళకి దొరుకుతుంది, ఆకు నిటారుగా నిలబడుతుంది. అయితే గోధుమ చలికాలం పంట. విశాఖలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అద్భుతంగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకి గింజ మొలిచేలోపే బూజు పట్టేస్తుంది. వేసవిలో చోళ్ళు గానీ గంట్లు గానీ వాడండి. వేరే జిల్లాల వాళ్ళ కోసం చెబుతున్నాను, చోళ్ళంటే రాగులు, గంట్లంటే సజ్జలు. ఇవి వేడిని ఇష్టపడే పంటలు. చోడి గడ్డి సన్నగా, మెత్తగా జుట్టులా ఉంటుంది కాబట్టి బొమ్మల తలకి దాన్ని మించింది లేదు.

నీళ్ళు ఎక్కువ పోసేసే అలవాటున్న ఇంట్లో వడ్లు మంచివి. తడిని బాగా తట్టుకుంటాయి. ఇక్కడ పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. పది వడ్లు, పది బియ్యపు గింజలు తడిగుడ్డలో పక్కపక్కన పెట్టండి. నాలుగు రోజుల్లో వడ్లు మొలుస్తాయి, బియ్యం మొలవవు. మర పట్టినప్పుడు మొలకెత్తే భాగం తవుడుతో పాటు పోతుందని అప్పుడు చెబితే జన్మలో మర్చిపోరు.

జొన్నలు మాత్రం వద్దంటాను. బొమ్మ పని అయ్యాక ఆ గడ్డిని ఎవరో ఒకరు ఆవుకో మేకకో వేస్తారు. లేత జొన్న మొక్కలో విషం ఉంటుంది, రైతులు దాన్ని నాము అంటారు. అది తిన్న పశువు ప్రాణం మీదికొస్తుంది.

గోధుమలు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. మేం పూర్ణా మార్కెట్లో కొంటాం. విత్తనాల దుకాణంలో దొరికే రంగు పూసిన గింజలు పిల్లల చేతికి ఇవ్వకూడదు, ఆ రంగుతో పాటు మందు కూడా ఉంటుంది. తినడానికి అమ్మే మామూలు గోధుమలే కావాలి. కొన్న వెంటనే ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు చూడండి. పదహారు, అంతకంటే ఎక్కువ మొలిస్తే సంచి మంచిదే. ఒకసారి ఒక కొట్లో తెచ్చినవి ఇరవైకి ఏడే మొలిచాయి. గింజ పైకి బాగానే ఉంది, పురుగు మొన దగ్గర తొలిచేసింది. పరీక్ష చేయకుండా వేసి ఉంటే వారం రోజులు ఎదురుచూసి పిల్లలు ఏడ్చేవాళ్ళు.

నీళ్ళు, సముద్రపు గాలి

సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. నాలుకకి ఉప్పు తగిలే నీళ్ళలో గింజ సరిగా నానదు. ఉప్పు ఉన్నచోట గింజ నీటిని లోపలికి లాగలేదు. కుళాయి నీళ్ళు వాడండి. కుళాయి నీళ్ళు లేకపోతే తాగే నీళ్ళే ఒక సీసా పక్కన పెట్టుకోండి, ఒక బొమ్మకి రోజుకి గ్లాసు, గ్లాసున్నర చాలు. బీచ్ నుంచి ఇసుక తెచ్చి బొమ్మ చుట్టూ అందంగా పోద్దామని పిల్లలు అడుగుతారు. అందులోనూ ఉప్పే. దాని బదులు తెల్ల గులకరాళ్ళు పోయండి.

సముద్రం ఎదురుగా ఉన్న బాల్కనీలో గాలికి ఆకు కొసలు మాడిపోతాయి. పిట్టగోడ కంటే కిందికి, గాలి నేరుగా తగలనిచోట పెట్టండి. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే చాలు, మధ్యాహ్నపు ఎండ వద్దు.

గడ్డి చేప, రోజువారీగా

కావలసినవి: అడుగున్నర పొడవున్న వెడల్పాటి ట్రే, పాత గోనె సంచి, నానబెట్టిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) రెండు గుప్పిళ్ళు, గోధుమలు 100 గ్రాములు, నీళ్ళు చల్లే స్ప్రే సీసా, అచ్చు కోసం పాత ఎక్స్‌రే ఫిల్ము. ఎక్స్‌రే ఫిల్ము ఎందుకంటే తడికి నానదు, కత్తెరకి సులువుగా తెగుతుంది. చాలా ఇళ్ళల్లో బీరువా మీద ఒకటైనా పడి ఉంటుంది. ఒక ఫిల్ము చాలకపోతే రెండు ముక్కలు టేపుతో అతికించుకోండి.

గింజల లెక్క ఇది. ఒకదానికొకటి తగులుతూ ఒకే వరసలో పరిస్తే చదరపు అడుగుకి దాదాపు 200 గ్రాముల గోధుమలు పడతాయి. 30 సెంటీమీటర్ల పొడవు, పొట్ట దగ్గర 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చేపకి 70 గ్రాములు సరిపోతాయి. మిగతావి మొలవని చోట సర్దడానికి.

ముందు ఫిల్ము మీద చేపను గీసి లోపలి భాగం కత్తిరించి తీసేయండి. చుట్టూ మిగిలిన చట్రమే మన అచ్చు. గీసేటప్పుడు ఒక జాగ్రత్త. గడ్డి పెరిగాక రెండు పక్కలకీ వాలుతుంది కాబట్టి సన్నటి భాగాలన్నీ కలిసిపోతాయి. తోక, ఒళ్ళు కలిసేచోట కూడా కనీసం మూడు వేళ్ళ వెడల్పు ఉండాలి. మొప్పలు, పొలుసులు, నోటి చీలిక లాంటి చిన్న వివరాలు గీయకండి, అవి కనపడవు. నీడ పడితే ఎలా ఉంటుందో అలాంటి ఆకారమే గడ్డిలో బాగా నిలుస్తుంది.

మొదటి రాత్రి గోధుమలు కడిగి, తేలిన తాలు పారబోసి, నిండా నీళ్ళు పోసి నానబెట్టండి. ఎనిమిది నుంచి పది గంటలు చాలు. వేసవిలో అయితే ఆరు గంటలే, ఇంకా ఉంచితే పులిసిన వాసన వస్తుంది.

తెల్లారాక నీళ్ళు ఒంపి, గింజల్ని తడి నూలుగుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి మూత వేయండి. దీన్నే మా అత్తయ్య మండె కట్టడం అంటారు. నేను మొదటిసారి ఈ పని చేయలేదు, నానిన గింజల్ని నేరుగా చల్లేశాను. అందుకే సగం ముందు, సగం వెనక మొలిచి గడ్డి ఎగుడుదిగుడుగా వచ్చింది. మండె కడితే మూటలోని వెచ్చదనానికి గింజలన్నీ ఇంచుమించు ఒకేసారి కదులుతాయి. పొద్దున, సాయంత్రం మూట మీద నీళ్ళు చిలకరించండి. మర్నాడు పొద్దునకి గింజ కొసన తెల్లటి మొన కనపడుతుంది. అంతకంటే ఆగితే వేళ్ళు పొడవై ఒకదానికొకటి చుట్టుకుంటాయి, విడదీస్తే తెగుతాయి.

ఇప్పుడు పేర్చడం. ఆదివారం పొద్దున్న ఈ పని పడేలా చూసుకోండి, ఎందుకంటే అందరూ కూర్చోవలసింది ఇక్కడే. గోనెను చేప ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి, తడిపి, ట్రేలో ఒకదాని మీద ఒకటి పరవండి. పైన అచ్చు పెట్టండి. అచ్చు లోపల గోనె మీద కోకోపీట్ అర సెంటీమీటరు మందాన సర్ది అరచేత్తో మెల్లగా అదమండి. తర్వాత అంచు. అంచు వెంట గింజల్ని ఒక్కొక్కటే వేలితో పెట్టాలి, ముత్యాలు గుచ్చినట్టు ఖాళీ లేకుండా. మా ఇంట్లో అంచు పని పాపది. నాలిక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఇరవై నిమిషాలు తల ఎత్తకుండా పేరుస్తుంది. అంచు పూర్తయ్యాక లోపల నింపడం బాబుది. గుప్పెడు పోసి చేత్తో నెట్టుకుంటూ పోతాడు. గింజ మీద గింజ ఎక్కిన చోట వాళ్ళ మామ్మ వేలితో సర్దుతారు. ఇలా పని పంచుకుంటే ఐదేళ్ళ పిల్లాడు కూడా బొమ్మను పాడుచేయలేడు, ఎందుకంటే వాడి చెయ్యి పడేలోపే అంచు గట్టిగా ఉంది.

గింజ మీద గింజ వద్దు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, కింద పడ్డ గింజకి గాలి తగలదు. అది కుళ్ళుతుంది, పక్కవాటికీ అంటిస్తుంది. బూజు మొదలయ్యేది ఎప్పుడూ అలాంటి గుట్ట దగ్గరే.

అచ్చు జాగ్రత్తగా పైకి తీసేసి, నీళ్ళు స్ప్రే చేసి, తడి గుడ్డ కప్పి, దాని మీద తేలికపాటి ప్లాస్టిక్ పళ్ళెం బోర్లించండి. రెండు రోజులు చీకట్లో ఉండాలి. ఈ రెండు రోజుల్లో పిల్లలకి ఒక ముచ్చట చూపించవచ్చు: మొలకలన్నీ కలిసి ఆ పళ్ళేన్ని పైకి ఎత్తేస్తాయి. ఒక్క మొలకకి చేతకానిది అన్నీ కలిసి చేస్తాయి. మా బాబు పళ్ళెం కింద ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాడు.

మూత తీసినప్పుడు మొలకలు పాలిపోయి పసుపుగా ఉంటాయి. కంగారు పడకండి. వెలుతురు తగలందే ఆకులో పచ్చదనం పుట్టదు. బాల్కనీలో పెట్టిన ఒక్క రోజులోనే రంగు తిరుగుతుంది.

అక్కణ్ణించి నీళ్ళు పైనుంచి కాదు, అడుగు నుంచి పోయాలి. ట్రే మూలలో కొద్దిగా పోస్తే గోనె పీల్చుకుంటుంది. పది నిమిషాల తర్వాత ట్రేను వంచి చూడండి, నీళ్ళు నిలిచి ఉంటే ఒంపేయండి. ఇందులో రెండో లాభం దోమల విషయం. ట్రేలో వారం పాటు నీళ్ళు నిలవ ఉంటే డెంగీ దోమ పెరగడానికి అది చాలు.

ఏడో రోజుకి గడ్డి పది పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. చలి ఎక్కువుంటే ఇంకో రెండు రోజులు పట్టవచ్చు. ఇప్పుడు కత్తెర. ఆకు పొడిగా ఉన్న సాయంత్రం వేళ కత్తిరించండి. తడి ఆకులు ఒకదానికొకటి అంటుకుని వంకరగా తెగుతాయి. ముందు చేప చుట్టూ బయటికి వాలిన ఆకుల్ని కత్తెర నిలువుగా పట్టుకుని తీసేయండి, దాంతో అంచు మళ్ళీ స్పష్టంగా వస్తుంది. తర్వాత ఒంటి మీద ఐదు సెంటీమీటర్లకి, రెక్కల దగ్గర ఏడు సెంటీమీటర్లకి కత్తిరిస్తే ఎత్తుల తేడాతో రెక్కలు విడిగా కనపడతాయి. కంటికి ఒక నల్ల బొత్తం.

కత్తిరించినా గడ్డి మళ్ళీ పెరుగుతుంది, ఎందుకంటే గడ్డి పెరిగే చోటు ఆకు కొసన కాదు, మొదట్లో ఉంటుంది. అందుకే మరీ కిందికి, రెండు సెంటీమీటర్ల కంటే తక్కువకి కత్తిరించకండి. మొత్తం మీద చేప రెండున్నర వారాలు అందంగా ఉంటుంది. ఆ తర్వాత గింజలో దాచిన ఆహారం అయిపోయి పసుపెక్కుతుంది.

ఆకు కొసన నీటిచుక్క

నాలుగో రోజో ఐదో రోజో పొద్దున్నే పిల్లల్ని నిద్ర లేపి బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రతి ఆకు కొసనా ఒక్కో నీటిచుక్క నిలబడి ఉంటుంది. గడ్డి అంతా ముత్యాలు తగిలించినట్టు ఉంటుంది. చూసిన వాళ్ళంతా మంచు పడిందంటారు. మంచైతే పక్కనున్న పళ్ళెం మీదా గోడ మీదా కూడా పడాలి కదా! ఇది గడ్డి లోపలి నీళ్ళే. రాత్రి గాలి తేమగా ఉన్నప్పుడు ఆకు నుంచి నీరు ఆవిరి కాదు, కింద వేళ్ళు మాత్రం లాగుతూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి ఎక్కువైన నీరు ఆకు కొసనున్న సన్నటి రంధ్రం నుంచి బయటికొస్తుంది. మన విశాఖ గాలిలో తేమకి కొదవ లేదు కాబట్టి ఇది తరచుగా కనపడుతుంది. మా పాప వేలితో ఒక చుక్క తుడిచి పక్కనే కూర్చుంది. కాసేపటికి అదే కొసన మళ్ళీ చుక్క ఊరింది. ఆ రోజు స్కూలు ఆటో దాదాపు తప్పిపోయింది.

గడ్డి వెలుతురు వైపు వంగడం కూడా మీరు గమనిస్తారు. అందుకే ట్రేను రోజుకోసారి అటు తల ఇటు తిప్పాలి, లేకపోతే చేప మొత్తం రోడ్డు వైపు వాలిపోతుంది. ఈ వంగడం మీద చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి గడ్డి మొలకలతోనే ప్రయోగాలు చేసి 1880లో ప్రచురించారు. మొలక కొసకి వెలుతురు చొరని చిన్న టోపీ పెడితే అది వంగలేదు. కింది భాగాన్ని కప్పి కొసను వదిలేస్తే వంగింది. అంటే వెలుతురును పసిగట్టేది కొస, వంగేది దాని కింది భాగం. ఇంట్లో చేసి చూడాలంటే ఒక గిన్నెలో విడిగా పది గింజలు వేసి, మొలక రెండు సెంటీమీటర్లు రాకముందే, ఆకు ఇంకా విచ్చుకోనప్పుడే, చాక్లెట్ చుట్టిన ఫాయిల్ కాగితంతో ఐదింటికి టోపీలు చేసి పెట్టండి. గిన్నెను ఒక వైపే తెరిచిన అట్టపెట్టెలో ఉంచండి. మర్నాటికే తేడా తెలుస్తుంది. తండ్రీకొడుకులు చేసిన ప్రయోగం అని చెబితే మావారు, బాబు ఆ గిన్నె జోలికి మమ్మల్ని రావద్దన్నారు.

సంక్రాంతికి పచ్చముగ్గు

చేప వచ్చిన వాళ్ళకి ముగ్గు కష్టం కాదు. కానీ మెలికల ముగ్గు పెట్టకండి, గీతలు రెండు వేళ్ళ వెడల్పు ఉండాలి కాబట్టి మెలికలన్నీ పూడిపోతాయి. ఎనిమిది రేకుల పద్మం, నక్షత్రం, కుండ, గాలిపటం, ఇలాంటివి బాగా వస్తాయి. గుండ్రాలకి పాత ప్లాస్టిక్ గాజులే అచ్చులు. గీత గీతకీ మధ్య ఖాళీ కూడా రెండు వేళ్ళు ఉండనివ్వండి. భోగికి పదకొండు రోజుల ముందు రాత్రి నానబెడితే పండగ నాటికి ఒకసారి కత్తిరించి సిద్ధంగా ఉంచవచ్చు. ఖాళీల్లో బియ్యప్పిండి చల్లద్దు, తడికి ముద్దయి పులుస్తుంది. భోగి పొద్దున బంతిపూల రేకులు పోయండి.

సాక్సు బొమ్మకి చోడి జుట్టు

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇదే అన్నిటికంటే ఎక్కువ నవ్వులు తెస్తుంది. ఆడవాళ్ళు చెప్పుల్లో వేసుకునే పల్చటి, ఒంటిరంగు సాక్సు కావాలి. స్కూలు సాక్సు పనికిరాదు, నేత దట్టంగా ఉండి మొలక బయటికి రాలేక లోపలే చుట్టుకుంటుంది.

ఆరు గంటలు నానిన చోళ్ళు రెండు చెంచాలు సాక్సు మొనలో వేయండి. వాటి మీద మూడు వంతుల రంపపు పొట్టు, ఒక వంతు వర్మీకంపోస్టు కలిపి గట్టిగా కూరండి. రంపపు పొట్టు మామూలు చెక్కదై ఉండాలి. ప్లైవుడ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురు మందులుంటాయి. మూతి ముడివేసి బోర్లించండి, గింజలున్న మొన పైకి వస్తుంది. మధ్యలో చిటికెడు పట్టుకుని మెలితిప్పి రబ్బరు బ్యాండు వేస్తే ముక్కు. రెండు పక్కలా అలాగే చేస్తే చెవులు. బొత్తాలు కళ్ళు. తర్వాత బొమ్మ మొత్తాన్ని నీళ్ళలో ముంచి తీసి, కింద వేలాడే సాక్సు తోక నీళ్ళున్న గ్లాసులో మునిగేలా గ్లాసు అంచు మీద కూర్చోబెట్టండి. ఆ తోకే వత్తిలా నీటిని పైకి లాగుతుంది. గ్లాసులో నీళ్ళు రెండు రోజులకోసారి మార్చాలి.

వారానికి జుట్టు మొలుస్తుంది, రెండు వారాలకి రిబ్బను కట్టొచ్చు. మా పాప రెండు పిలకలు వేస్తుంది. బాబు తన బొమ్మకి ప్రతి ఆదివారం క్షవరం చేస్తాడు. చీమలు చోళ్ళని ఇట్టే పసిగడతాయి కాబట్టి గ్లాసును నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టండి, ఆ నీళ్ళు కూడా మారుస్తూ ఉండాలి.

తాబేలు

ఇది నా మనసుకి దగ్గరైన బొమ్మ. చలికాలంలో మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లని సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఒక తెల్లవారుజామున మేం అది చూసి వచ్చాక బాబు రెండు రోజులు పొట్ట మీద పాకాడు. మూడో రోజు గోనె సంచి కిందికి దించాను.

ఎత్తున్న బొమ్మల్లో తాబేలే తేలిక, ఎందుకంటే గుండ్రటి వీపు కోసం బియ్యం కడిగే చిల్లుల ప్లాస్టిక్ గిన్నె బోర్లిస్తే చాలు. లోపల తడి కోకోపీట్ దట్టంగా నింపి, పళ్ళెం మూతగా పట్టుకుని ఒక్కసారి ట్రేలో బోర్లించి, పళ్ళేన్ని మెల్లగా లాగేయండి. పైన తడి గోనె కప్పి అంచులు కిందికి మడవండి.

వీపు వాలుగా ఉంటుంది కాబట్టి గింజలు జారిపోతాయి. దానికి ఒక వంతు ఎర్రమట్టి, రెండు వంతుల కోకోపీట్ చపాతీపిండిలా తడిపి, అందులో మండె కట్టిన గోధుమలు కలిపి ఒక సెంటీమీటరు మందాన మెత్తాలి. మట్టి నర్సరీలో కొనండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి ఒక్క గుప్పెడు కూడా తీయకండి. వేల ఏళ్ళ నాటి ఆ దిబ్బలు రక్షించుకోవలసిన భూవారసత్వం, పైగా అక్కడిది చాలావరకు ఇసుకే, గింజను పట్టుకోదు. మెత్తడం అయ్యాక పల్చటి బ్యాండేజీ గుడ్డ ఒక పొర చుట్టండి. మొలకలు దాని కన్నాల్లోంచి బయటికొస్తాయి, ఇంక దాన్ని తీయక్కర్లేదు.

వీపు మీది పలకల కోసం, మట్టి మెత్తకముందే గోనె మీద కొబ్బరి తాడుతో గీతలు పరిచి సూదీ దారంతో అక్కడక్కడా కుట్టండి. తాడు మీద మట్టి పూయకుండా వదిలేస్తే అక్కడ గడ్డి రాదు, పలకలు విడివిడిగా కనపడతాయి. కాళ్ళు విడిగా, చేపకి చేసినట్టే గోనె ముక్కల మీద చదునుగా పెంచాలి. సముద్రపు తాబేలుకి వేళ్ళున్న పాదాలు కాదు, తెడ్లలాంటి రెక్కలుంటాయి. ముందువి పొడవు, వెనకవి పొట్టి. పిల్లలు చెరువు తాబేలు కాళ్ళు గీస్తారు, అక్కడ ఒకసారి ఫోటో చూపించండి.

పక్కల్లో మొలిచిన గడ్డి వాలుకి అడ్డంగా కాకుండా నిటారుగా పైకే లేస్తుంది, మొలక ఎప్పుడూ ఆకాశం వైపే పోతుంది. అందువల్ల వారం తర్వాత వీపు గుండ్రంగా కాకుండా మెట్లు మెట్లుగా కనపడుతుంది. కత్తెరకి అసలు పని ఇక్కడే. పై నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా గుండ్రం చేసుకుంటూ రండి. నడినెత్తి ముందు ఎండిపోతుంది కాబట్టి రోజుకి మూడుసార్లు అక్కడే స్ప్రే చేయాలి. మొదటి మూడు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచడం తప్పనిసరి.

ఏడాది పొడవునా ఉండే బొమ్మ కావాలంటే గోధుమ బదులు గరిక నాటుకోవాలి. కణుపులున్న తీగల్ని వేలెడు ముక్కలుగా తుంచి మట్టిలో అడ్డంగా గుచ్చితే ప్రతి కణుపు దగ్గరా వేరు పడుతుంది. జూన్‌లో నాటితే వినాయక చవితికి మీ మేడ మీది గరికే పూజకి వస్తుంది.

తరచూ వచ్చే చిక్కులు

మూడో రోజు వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు చూసి చాలామంది బూజనుకుని పారేస్తారు. అది వేరు నూగు కావచ్చు. నీళ్ళు స్ప్రే చేసి చూడండి. వేరు నూగైతే తడికి అణిగి మాయమవుతుంది. బూజైతే సాలెగూడులా గింజ నుంచి గింజకి పాకి ఉంటుంది, ముక్కిపోయిన వాసన వస్తుంది. చిన్న మచ్చైతే ఆ గింజల్ని చెంచాతో తీసేసి, మండె కట్టి దాచిన గింజలు అక్కడ పెట్టి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. అరచేయంత పాకితే మొత్తం తీసేయడమే మంచిది. ఉబ్బసం ఉన్న పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి.

పావురాలు పెద్ద బెడద. ఒక మధ్యాహ్నం చూడకపోతే చేపకి సగం ఒళ్ళు ఉండదు. గడ్డి మూడు అంగుళాలు వచ్చేదాకా జల్లి బుట్ట బోర్లించండి. గడ్డి సన్నగా పొడవుగా సాగి పడిపోతుంటే వెలుతురు చాలట్లేదు. కొసలు గోధుమరంగుకి తిరిగితే ఉప్పు గాలో, మధ్యాహ్నపు ఎండో తగిలింది.

బొమ్మ పసుపెక్కాక గోనెను పైకి లేపి చూడండి, వేళ్ళన్నీ కలిసి చాపలా అల్లుకుని ఉంటాయి. బూజు లేకపోతే గడ్డి కోసి ఆవుకి పెట్టవచ్చు. వేళ్ళ చాపను ముక్కలు చేసి కుండీల మట్టిలో కలపండి. వాడిన గోనె మళ్ళీ వాడద్దు. ట్రే, చిల్లుల గిన్నె సబ్బుతో కడిగి ఒక రోజంతా ఎండలో పెట్టండి. ఎక్స్‌రే అచ్చు మాత్రం తుడిచి దాచుకోండి, మా చేప అచ్చుతో ఇప్పటికి నాలుగు చేపలు వచ్చాయి.